‘సాధారణంగా’ అనే ఒక్క మాటకు ఇంగ్లిష్‌లో ఇన్ని మాటలెందుకు? దేన్ని ఎక్కడ వాడాలి?

‘పిల్లులకు నీళ్లంటే భయం’ అని మీరంటే ఎవరూ మీతో గొడవకు రారు. ఎక్కడో ఒక పిల్లి హాయిగా ఈత కొడుతూ ఉండొచ్చు. ఆ సంగతి మీకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఇంగ్లిష్‌లో కూడా కబుర్లలో ఈ మాట ఇలాగే అనేయొచ్చు. కానీ ఆఫీసు మెయిల్‌లోనో, ఇంటర్వ్యూలోనో, పరీక్షలో రాసే వ్యాసంలోనో ‘కస్టమర్స్ డోంట్ రీడ్ ద మాన్యువల్’ అని తేల్చి చెప్పేస్తే, ‘అందరూనా? ఒక్కరంటే ఒక్కరూ చదవరా?’ అనే ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఇలాంటి వాక్యానికి మొదట్లోనో మధ్యలోనో ఒక చిన్న మాట తగిలిస్తారు. జనరల్లీ స్పీకింగ్, యాజ్ ఎ రూల్, ఆన్ ద హోల్, ఫర్ ద మోస్ట్ పార్ట్, బై అండ్ లార్జ్... ఇలా చాలా ఉన్నాయి.

డిక్షనరీ తీస్తే వీటన్నిటికీ దాదాపు ఒకటే అర్థం కనిపిస్తుంది: ‘సాధారణంగా’. చిక్కు అక్కడే. అన్నీ ఒకటే అనుకుని చేతికి అందినది వాడితే వాక్యం తప్పు కాకపోవచ్చు గానీ, అతకదు. ఈ మాటలన్నీ ‘దీనికి మినహాయింపులు ఉన్నాయి, నాకు తెలుసు’ అనే చెబుతాయి. కానీ ఆ మినహాయింపు ఏ రకానిదో ఒక్కో మాట ఒక్కోలా చెబుతుంది. కాబట్టి మాట ఎంచుకునేటప్పుడు మీరు చెప్పబోయే నియమాన్ని కాదు, దానికున్న మినహాయింపును చూడండి. మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

మొదటి అడుగు: మినహాయింపు ఎక్కడుంది?

వాక్యం రాసేముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: నేను చెప్పేది ఎక్కడ తప్పిపోవచ్చు?

కొన్నిసార్లు అలా జరగకపోవచ్చు. అప్పుడు మినహాయింపు సార్లలో ఉంది. కొంతమంది అలా చేయకపోవచ్చు, లేదా ఆ వస్తువులో కొంత భాగం అలా ఉండకపోవచ్చు. అప్పుడు అది సంఖ్యలోనో భాగంలోనో ఉంది. లేదా మీరు చెప్పేది మొత్తం మీద నిజమే గానీ, లోతుగా వెళ్తే అంత సూటిగా లేదు. అది కచ్చితత్వానికి సంబంధించిన మినహాయింపు. ఇక నాలుగోది: మంచీ ఉంది, చెడూ ఉంది, రెండూ తూచి ఒక అభిప్రాయానికి వచ్చారు. ఇక్కడ మినహాయింపు అంటే తూకంలో రెండో పక్కన మిగిలినది.

ఈ నాలుగూ పక్కాగా వేరువేరు గదులని అనుకోవద్దు. ‘జనరల్లీ స్పీకింగ్’, ‘ఇన్ జనరల్’ లాంటివి దాదాపు ఎక్కడైనా సరిపోతాయి. ఏదీ తోచనప్పుడు అవే వాడండి, ఎవరూ తప్పు పట్టరు. కానీ ప్రతి పేరాలోనూ అవే కనిపిస్తే, రాసినవాళ్ల దగ్గర వేరే మాట లేదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

సార్లలో మినహాయింపు ఉంటే

ఇక్కడ రోజూ పనికొచ్చేవి ‘యూజువల్లీ’, ‘నార్మల్లీ’. రెండూ ఒకటే అనిపిస్తాయి. ‘ఐ యూజువల్లీ టేక్ ద బస్’ అంటే మీ అలవాటు చెప్పారు, అంతే. ‘నార్మల్లీ ఐ టేక్ ద బస్’ అన్నారనుకోండి, వినేవాళ్లు తర్వాతి ముక్క కోసం ఎదురు చూస్తారు. మామూలుగా అయితే బస్సే, మరి ఈరోజు ఏమైంది? ‘నార్మల్లీ’ ముందుకు రాగానే, ఇప్పుడు మామూలుగా లేదన్న వాసన వస్తుంది. చెప్పడానికి ‘బట్ టుడే...’ అనే ముక్క ఏదీ లేకపోతే ‘యూజువల్లీ’తో సరిపెట్టుకోండి.

‘యాజ్ ఎ రూల్’లో ఉన్న ‘రూల్’ చూసి చాలామంది దాన్ని నిబంధన అనుకుంటారు. ఇది ఎవరో పెట్టిన రూల్ కాదు. ఎక్కువసార్లు జరిగే పద్ధతి, లేదా మనిషి తనకు తాను పెట్టుకున్న అలవాటు. ‘యాజ్ ఎ రూల్, ఐ డోంట్ ఆన్సర్ కాల్స్ ఆఫ్టర్ నైన్’ అంటే తొమ్మిది దాటాక ఫోన్ ఎత్తకపోవడం నా పద్ధతి అని. అవసరమైతే ఎత్తుతాను అనే అర్థం అందులోనే ఉంది. ఆఫీసు రూల్ ప్రకారం ఐడీ కార్డు వేసుకోవాలి అని చెప్పదలచుకుంటే ఈ మాట పనికిరాదు. అక్కడ ‘ద రూల్ ఈజ్ దట్...’ అనో, ‘యు హావ్ టు...’ అనో చెప్పాలి. ఇంకోటి: ఒక్కసారి జరిగి అయిపోయిన సంఘటనకు ‘యాజ్ ఎ రూల్’ అతకదు. ‘యాజ్ ఎ రూల్, ద మీటింగ్ వెంట్ వెల్ యెస్టర్‌డే’ అంటే ఇంగ్లిష్ తెలిసినవాళ్లు తికమకపడతారు. నిన్నటి మీటింగ్ ఒక్కటే, దానికి పద్ధతి ఏమిటి?

‘మోర్ ఆఫెన్ దాన్ నాట్’ అంటే సగం కంటే ఎక్కువసార్లు అని మాటలోనే ఉంది. పదిలో తొమ్మిదిసార్లు జరిగేదానికి ఇది కాస్త తక్కువ, పదిలో ఆరేడుసార్లు జరిగేదానికి బాగా సరిపోతుంది. ‘యాజ్ ఆఫెన్ యాజ్ నాట్’ను మాట ప్రకారం చూస్తే ఇంచుమించు సగం సార్లు. ‘నైన్ టైమ్స్ ఔట్ ఆఫ్ టెన్’ అనేది లెక్క కాదు, మన ‘నూటికి తొంభై పాళ్లు’ లాంటి మాట. నిజంగా లెక్కపెట్టి చెబుతున్న రిపోర్టులో దాన్ని వాడితే, చదివేవాళ్లు అసలు లెక్క ఎక్కడుందని వెతుక్కుంటారు. అక్కడ శాతమే రాయండి. ‘ఆన్ యావరేజ్’ కూడా అంతే. వెనక అంకెలు ఉన్నప్పుడే అది నిలబడుతుంది.

మందిలోనో, భాగంలోనో మినహాయింపు ఉంటే

మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ‘చాలామందికి ఇది తెలియదు’ అనాలి. ‘మోస్ట్ పీపుల్ డోంట్ నో దిస్’ అంటే సరిపోతుంది. కానీ వినిపించేవి ఏమిటంటే: ‘మోస్ట్లీ పీపుల్ డోంట్ నో’, ‘మోస్ట్ ఆఫ్ పీపుల్’, ‘ఆల్‌మోస్ట్ పీపుల్’, ‘మెజారిటీ ఆఫ్ పీపుల్’. వీటిని ఒక్కొక్కటే సరిచేసుకుందాం.

‘మోస్ట్’ నేరుగా నామవాచకం ముందు వస్తుంది: మోస్ట్ పీపుల్, మోస్ట్ ఫోన్స్, మోస్ట్ ఎర్రర్స్. ఒక నిర్దిష్టమైన గుంపు గురించైతే మధ్యలో ‘ఆఫ్ ద’ రావాలి: మోస్ట్ ఆఫ్ ద పీపుల్ ఇన్ దిస్ రూమ్. ‘ఆఫ్’ పెట్టి ‘ద’ (లేదా దాని చోట ‘మై’, ‘దీజ్’ లాంటి మాట) వదిలేయకూడదు. ‘ఆల్‌మోస్ట్’ వాడాలంటే దాని వెనక ‘ఆల్’ ఉండాలి: ఆల్‌మోస్ట్ ఆల్ పీపుల్, లేదా ఆల్‌మోస్ట్ ఎవ్రీవన్. ‘మెజారిటీ’ ముందు ‘ద’ గానీ ‘ఎ’ గానీ కావాలి: ద మెజారిటీ ఆఫ్ యూజర్స్. పైగా అది లెక్కపెట్టగలిగేవాటికే బాగుంటుంది. పని, సమయం, డబ్బు లాంటివాటికి ‘మోస్ట్ ఆఫ్ ద వర్క్’ అనడమే మేలు.

ఇక ‘మోస్ట్లీ’. తెలుగు మాటల్లో దీన్ని మనం ‘బహుశా’ అనే అర్థంలో వాడేస్తున్నాం. ‘మోస్ట్లీ రేపు వస్తాడు’ అంటే మనందరికీ అర్థమవుతుంది. అదే ఊపులో ‘మోస్ట్లీ హీ విల్ కమ్ టుమారో’ అని ఇంగ్లిష్‌లో అంటే, భారతదేశం బయటివాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. వాళ్లకు ‘మోస్ట్లీ’ అంటే ‘ఎక్కువ భాగం’ లేదా ‘ఎక్కువసార్లు’. మనిషిలో ఎక్కువ భాగం రేపు రావడం ఏమిటి? అక్కడ ‘ప్రాబబ్లీ’ అనాలి: ‘హీ విల్ ప్రాబబ్లీ కమ్ టుమారో’. ఈ ఒక్క తప్పూ సరిచేసుకున్నా విదేశీ క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు సగం అయోమయం తగ్గుతుంది.

‘ఫర్ ద మోస్ట్ పార్ట్’ చాలా పనికొచ్చే మాట. మనుషులకూ, వస్తువులకూ, కాలానికీ దేనికైనా వస్తుంది. ‘ద రివ్యూస్ వర్, ఫర్ ద మోస్ట్ పార్ట్, పాజిటివ్’ అంటే రివ్యూల్లో ఎక్కువ మంచివే, కొన్ని మాత్రం అలా లేవు. గడిచిపోయిన విషయానికి కూడా ఇది ఇబ్బంది లేకుండా అతుకుతుంది. ‘ఇన్ మోస్ట్ కేసెస్’ కాస్త రాతకు దగ్గరైనది. సూచనలు, నిబంధనలు, వైద్య సమాచారం, సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలు, ఇలాంటివాటిలో కనిపిస్తుంది: ‘ఇన్ మోస్ట్ కేసెస్, రీస్టార్టింగ్ ద డివైస్ సాల్వ్స్ ద ప్రాబ్లమ్’. ‘లార్జ్‌లీ’ని వాక్యం మొదట్లో పెట్టకండి. అది విశేషణం ముందో, ‘బికాజ్’ ముందో ఒదిగి ఉంటుంది: ద హాల్ వాజ్ లార్జ్‌లీ ఎంప్టీ.

కచ్చితత్వంలో మినహాయింపు ఉంటే

ఒక విషయాన్ని కొత్తవాళ్లకు వివరించేటప్పుడు మొదట పెద్ద గీతలు గీసి, వివరాలు తర్వాత నింపుతాం. ఆ పెద్ద గీతలకు ‘బ్రాడ్లీ స్పీకింగ్’ సరైనది. ‘బ్రాడ్లీ స్పీకింగ్, దేర్ ఆర్ టూ కైండ్స్ ఆఫ్ లోన్స్’ అంటే స్థూలంగా రెండు రకాలు అని. లోపల ఇంకా ఉపరకాలు ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను అని చెప్పకనే చెప్పారు. ‘రఫ్లీ స్పీకింగ్’ ఇంకొంచెం తేలిక, అంకెలకు దగ్గర.

దీనికి ఎదురుమాట కూడా నేర్చుకోండి. ‘స్ట్రిక్ట్లీ స్పీకింగ్’ సాధారణీకరణను వెనక్కి లాగుతుంది. సాలీడును అందరూ పురుగు అనేస్తారు గానీ, స్ట్రిక్ట్లీ స్పీకింగ్ అది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. ఈ జంట మాటలు పక్కపక్కన వాడితే, స్థూలమైన మాటను చెప్పి, దాని లోపాన్ని కూడా మీరే చెప్పినట్టవుతుంది. వాదన రాసేటప్పుడు ఇది చాలా బలం.

మంచీ చెడూ తూచి చెప్పాలంటే

‘ఆన్ ద హోల్’ ఇక్కడికి చెందినది. ‘మొత్తం మీద చూస్తే’ అని మనం అనే చోట దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ఒక్కసారి జరిగిన సంఘటనకు కూడా వాడొచ్చు, ‘యాజ్ ఎ రూల్’కు ఆ వీలు లేదు. ‘ఆన్ ద హోల్, ద ట్రిప్ వాజ్ ఎ సక్సెస్’. ఏవో ఇబ్బందులు పడ్డాం, అయినా బాగుంది అని వినేవాళ్లకు అందుతుంది. ‘ఆల్ ఇన్ ఆల్’ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే చెప్పాల్సినవన్నీ చెప్పేసి చివర్లో ముగింపుగా వస్తుంది. దానితో మొదలుపెడితే, ముందు చెప్పినదేదో తాము వినలేదని అవతలివాళ్లు అనుకుంటారు. ‘ఓవరాల్’ ఈ రెండింటికంటే పొడి మాట. రిపోర్టులకు, రేటింగులకు బాగుంటుంది.

‘ఆన్ ఎ హోల్’ అనే మాట లేదు, ఎప్పుడూ ‘ద’ ఉండాల్సిందే. ‘యాజ్ ఎ హోల్’ ఉంది, కానీ దాని పని వేరు. ‘ద టీమ్ యాజ్ ఎ హోల్’ అంటే టీమ్ మొత్తాన్ని ఒక్కటిగా తీసుకుంటే అని.

‘బై అండ్ లార్జ్’ తెరచాప ఓడల కాలం నుంచి వచ్చిన మాట. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ నావికుల భాషలో ‘బై’ అంటే గాలికి వీలైనంత ఎదురుగా నడపడం, ‘లార్జ్’ అంటే గాలి వెనక పక్క నుంచి వస్తుంటే నడపడం. రెండు పరిస్థితుల్లోనూ బాగా నడిచే ఓడ ‘బై అండ్ లార్జ్’ మంచి ఓడ. అంటే ఎటు చూసినా బాగానే ఉందని. ఓడలు పోయాయి, మాట మిగిలింది. ఇప్పుడు సార్లకూ, మందికీ, తూకానికీ అన్నిటికీ వాడేస్తారు. కొంచెం పెద్దరికం ఉన్న మాట, రాతలో అందంగా ఉంటుంది. పాత నుడికారం కాబట్టి లోపలి ముక్కలు మార్చే వీలు లేదు. ‘బై అండ్ బై’ అంటే పూర్తిగా వేరే అర్థం, ‘కొంతకాలానికి’ అని. అలాగే ‘ద పబ్లిక్ ఎట్ లార్జ్’ అంటే ప్రజలందరూ. అదే ‘ద థీఫ్ ఈజ్ స్టిల్ ఎట్ లార్జ్’ అంటే దొంగ ఇంకా దొరకలేదు. ఈ రెండింటినీ కలిపేసుకుంటే వార్తలు చదివేటప్పుడు సరదాగా ఉంటుంది.

రెండో అడుగు: విశేషణంతో చెప్పే దారి

అన్నిసార్లూ వాక్యం ముందు ఒక మాట తగిలించనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ‘ఇట్ ఈజ్’తో మొదలయ్యే ఒక చట్రం ఉంది. దాంట్లో విశేషణం పెట్టి అదే పని చేయించొచ్చు. ‘ఇట్ ఈజ్ కామన్ ఫర్ న్యూ పేరెంట్స్ టు ఫీల్ టైర్డ్’: కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లకు అలసట మామూలే. ‘కామన్’ స్థానంలో యూజువల్, నార్మల్, రేర్, అన్‌యూజువల్ ఏదైనా పెట్టొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఆ తర్వాత వచ్చేది ‘ఫర్’, మనిషి, ‘టు’, క్రియ. ‘ఇట్ ఈజ్ యూజువల్ దట్...’ అని రాస్తే అర్థమవుతుంది గానీ బరువుగా ఉంటుంది.

‘టిపికల్’ దగ్గర జాగ్రత్త. దాని తర్వాత ‘ఆఫ్’ వస్తుంది: ‘దిస్ స్టైల్ ఈజ్ టిపికల్ ఆఫ్ ద పీరియడ్’. ఇది మంచి మాటే. కానీ మనిషి మీద వాడితే తరచుగా విసుగు ధ్వనిస్తుంది. ‘ఇట్స్ టిపికల్ ఆఫ్ హిమ్ టు ఫర్‌గెట్’ అంటే ‘మర్చిపోవడం వాడికి మామూలేగా’ అని దెప్పినట్టు. బాస్ గురించి మెయిల్‌లో రాయకండి. ‘టిపికల్లీ’ అనే క్రియావిశేషణానికి ఆ విసుగు లేదు, అది నిశ్చింతగా వాడొచ్చు.

‘ప్రోన్ టు’ కూడా ఒకవైపే మొగ్గుతుంది. జబ్బులు, పొరపాట్లు, ప్రమాదాలు, ఇలాంటి చెడ్డవాటికే వస్తుంది. ‘షీ ఈజ్ ప్రోన్ టు సక్సెస్’ అంటే నవ్వుతారు. మంచికైనా చెడుకైనా పనికొచ్చేది ‘లైక్లీ టు’.

మూడో అడుగు: మిగతా వాక్యం ఆ మాటకు సహకరిస్తోందా?

ముందు ‘జనరల్లీ’ పెట్టి వెనక తప్పు కాలం వాడితే మొత్తం చెడిపోతుంది. ఇందులో మన తప్పేమీ లేదు, మన భాష అలాంటిది. ‘అతను ఆరింటికి లేస్తాడు’ అనే ఒకే వాక్యం రోజూ అలవాటుకూ సరిపోతుంది, రేపటికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రెంటికీ వేరువేరు రూపాలు. అలవాటుకు ‘హీ గెట్స్ అప్ ఎట్ సిక్స్’, రేపటికి ‘హీ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’. మనం ‘జనరల్లీ హీ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అనేస్తాం. ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఒక్కోసారి స్వభావం చెప్పడానికి ‘విల్’ వాడతారు గానీ, మామూలు సాధారణీకరణకు సింపుల్ ప్రెజెంట్ చాలు. ‘జనరల్లీ ఐ యామ్ గోయింగ్ బై ట్రెయిన్’ అనే ‘ఇంగ్’ రూపం కూడా వద్దు, ‘ఐ జనరల్లీ గో బై ట్రెయిన్’ అనండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ‘యూజ్డ్ టు’. ‘ఐ యూజ్డ్ టు గో టు ద జిమ్ డైలీ’ అని ఇప్పటి అలవాటు గురించి చెప్పామనుకుంటాం. విన్నవాళ్లకు అర్థమయ్యేది మాత్రం, ఒకప్పుడు వెళ్లేవారు, ఇప్పుడు మానేశారు అని. ఇంటర్వ్యూలో ‘ఐ యూజ్డ్ టు వర్క్ హార్డ్’ అన్నారంటే ఇక చెప్పేదేముంది.

‘యాజ్ యూజువల్’ను ‘యూజువల్లీ’ బదులు వాడటం మరో పొరపాటు. ‘యాజ్ యూజువల్, హీ కేమ్ లేట్’ అంటే ఎప్పటిలాగే ఈసారీ ఆలస్యంగా వచ్చాడు. అది జరిగిన ఒక సంఘటన గురించిన మాట. అలవాటు చెప్పాలంటే ‘హీ యూజువల్లీ కమ్స్ లేట్’. ‘ఇన్ జనరల్లీ’ అనేది లేదు, ‘ఇన్ జనరల్’ లేదా ‘జనరల్లీ’. ‘జనరల్‌గా అడిగాను’ అని మనం అంటాం కదా, ఊరికే అడిగాను అని, దాన్ని ‘ఐ ఆస్క్డ్ జనరల్లీ’ అంటే చేరదు. ‘ఐ వాజ్ జస్ట్ వండరింగ్’ అంటే చేరుతుంది.

ఇక ‘ద’. ఒక జాతి మొత్తం గురించి బహువచనంలో చెబితే ‘ద’ ఉండకూడదు. ‘డాగ్స్ ఆర్ లాయల్’ అంటే కుక్కలన్నీ. ‘ద డాగ్స్ ఆర్ లాయల్’ అంటే మనకు తెలిసిన ఆ కుక్కలు. తెలుగులో ఈ తేడా చూపే ముక్క లేదు కాబట్టి, రాసిన తర్వాత ఒకసారి వెనక్కి వెళ్లి ‘ద’లు వెతకడం అలవాటు చేసుకోండి. ఏకవచనంలో మాత్రం ‘ద’ జాతికి వస్తుంది: ‘ద వేల్ ఈజ్ ఎ మామల్’. ‘ఎ వేల్ ఈజ్ ఎ మామల్’ కూడా సరే. కానీ ‘డోడో పక్షి అంతరించిపోయింది’ అనడానికి ‘ద డోడో ఈజ్ ఎక్స్‌టింక్ట్’ మాత్రమే. ‘ఎ డోడో’ అంటే ఏదో ఒక్క పక్షి అవుతుంది, ఒక్క పక్షి అంతరించడం కుదరదు.

నాలుగో అడుగు: మాటను ఎక్కడ పెట్టాలి?

రెండు మూడు మాటల పదబంధాలు వాక్యం మొదట్లో హాయిగా కూర్చుంటాయి, వెనక ఒక కామాతో. మధ్యలో పెడితే రెండు వైపులా కామాలు. ఒక్క మాటవి, అంటే యూజువల్లీ, జనరల్లీ, టిపికల్లీ లాంటివి, మొదట్లోనూ రావచ్చు గానీ, వాటి సొంత చోటు క్రియ ముందు: హీ యూజువల్లీ కమ్స్. క్రియ ‘ఈజ్’, ‘ఆర్’ అయితే దాని తర్వాత: హీ ఈజ్ యూజువల్లీ లేట్. సహాయక క్రియ ఉంటే మొదటిదాని తర్వాత: ఇట్ హాజ్ జనరల్లీ బీన్ ట్రూ.

‘రేర్లీ’, ‘సెల్డమ్’ లాంటి కాదనే మాటలను వాక్యం మొదట్లోకి తెస్తే వెనక ప్రశ్నలాంటి వరుస వస్తుంది: ‘రేర్లీ డూ వీ సీ...’. ఇది ఉపన్యాసపు శైలి. మామూలు మాటల్లో ‘వీ రేర్లీ సీ’ చాలు.

ఐదో అడుగు: ఒక్కటే చాలు

భయం ఎక్కువైనప్పుడు మనం అన్నీ పేర్చేస్తాం. ‘జనరల్లీ, మోస్ట్ పీపుల్ యూజువల్లీ టెండ్ టు...’ ఒకే వాక్యంలో నాలుగు మినహాయింపులు. ఇక మిగిలినదేమిటి? ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి. చాలా సందర్భాల్లో ఉంచదగ్గది ‘టెండ్ టు’. క్రియ పక్కనే ఉంటుంది, కామా అక్కర్లేదు, మాటలోనూ రాతలోనూ నప్పుతుంది. ‘పీపుల్ టెండ్ టు స్కిప్ లాంగ్ మెయిల్స్.’ కాదనాలంటే ‘టెండ్ నాట్ టు’ అయినా, ‘డోంట్ టెండ్ టు’ అయినా సరే. మొదటిది రాతకు దగ్గర.

అలాగే ‘ఆల్వేస్’, ‘నెవర్’, ‘ఆల్’, ‘ఎవ్రీ’ ఈ మాటలతో కలవవు. ‘జనరల్లీ, హీ ఆల్వేస్ కమ్స్ లేట్’ అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

మనుషుల గుంపుల గురించి మాట్లాడేటప్పుడు ఒక హెచ్చరిక. ఒక దేశంవాళ్లు, ఒక మతంవాళ్లు, ఒక వయసువాళ్లు ఇలా ఉంటారని అనేసి, ముందు ‘జనరల్లీ స్పీకింగ్’ తగిలిస్తే మాట మర్యాదగా మారిపోదు. ఇంగ్లిష్‌లో ఆ పదబంధం విన్న వెంటనే, తర్వాత రాబోయేది ఏమిటా అని చెవులు నిక్కబొడుచుకునేవాళ్లు చాలామంది. అలాంటి చోట మీరు చూసినదానికే మాటను కుదించండి: ‘ద క్లయింట్స్ ఐ హావ్ వర్క్‌డ్ విత్ టెండ్ టు...’. నేను పనిచేసిన క్లయింట్లు అని. అది నిజం కూడా.

ఆరో అడుగు: ‘బట్’ కోసం వినండి

మీరు మాట్లాడటమే కాదు, అవతలివాళ్లు ఈ మాటలు అన్నప్పుడు పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి. ఇంగ్లిష్‌లో వాక్యం మొదట్లో వచ్చే ఇలాంటి పదబంధం దగ్గర గొంతు తరచుగా కాస్త దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ లేవడమే తర్వాత ‘బట్’ ఉందని చెబుతుంది. ‘ఇన్ థియరీ’, ‘ఇన్ ప్రిన్సిపుల్’ అన్నారంటే ఇక అనుమానమే లేదు. ‘ఇన్ థియరీ, ఇట్ షుడ్ వర్క్’ అంటే పనిచేయకపోవచ్చని సగం చెప్పేసినట్టే. ‘ఇన్ ప్రిన్సిపుల్, యెస్’ అంటే సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, షరతులు ఇంకా బయటికి రాలేదు. దాన్ని ఒప్పందం అనుకుని పని మొదలుపెట్టేయకండి.

మీ రిపోర్ట్ చదివిన మేనేజర్ ‘ఆన్ ద హోల్, ఇట్స్ గుడ్’ అని ఆగితే, అది పూర్తి మెప్పు కాదు. తూకంలో రెండో పక్కన ఏదో ఉంది, మర్యాద కోసం చెప్పలేదు. థాంక్యూ చెప్పి వచ్చేయకుండా, ‘ఈజ్ దేర్ ఎనీథింగ్ యు వుడ్ చేంజ్?’ అని అడగండి. దాచుకున్న ఆ ‘బట్’ అప్పుడు బయటికి వస్తుంది.